చేదకి చిల్లు

"చేదకి చిల్లు పడిందండీ!"

ఫోన్లో గొంతు వణుకుతోంది. గూఢచారి డిపార్ట్‌మెంట్ స్విచ్‌బోర్డు దగ్గర కూర్చున్న ఆపరేటర్ టీలో బిస్కెట్ ముంచుకుంటూ విన్నాడు.

"అయితే మాకెందుకు చేశారు? మాట్లు వేసేవాణ్ణి పిలిపించుకోండి."

"అయ్యో, ఆ చేద కాదండీ! ఇది చాలా పెద్ద చిల్లు. మనుషులు చచ్చిపోతారు. పైవాళ్ళకెవరికైనా కలపండి, మీకు పుణ్యముంటుంది."

"చేదకి చిల్లు పడితే నీళ్ళు కారతాయి గానీ మనుషులెందుకు చస్తారయ్యా!" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు ఆపరేటర్.

నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఆ నాలుగు సంగతేమో గానీ, ఈ నవ్వు మాత్రం ఒక మనిషిని మింగేసింది.

ఫోన్ చేసినాయన ఒక ప్రోగ్రామర్. ఇక లాభం లేదు, నేనే వెళ్ళి చెబుతాననుకుని ఆఫీసు నుంచి బయల్దేరాడు. పై అంతస్తులో లిఫ్ట్ ఎక్కేటప్పుడు బతికే ఉన్నాడు. కింద తలుపులు తెరుచుకునేసరికి మూలకి ఆనుకుని నిలబడే ఉన్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి, ప్రాణం మాత్రం లేదు. చెవి కింద సూదిమొనంత ఎర్రటి చుక్క. ప్లాస్టిక్ కవర్లో ఇస్త్రీ కోటు పట్టుకున్న మనిషొకడు అదే లిఫ్ట్‌లోంచి దిగి, "జరగండి, జరగండి, ఎవరికో బాగాలేదు" అంటూ జనంలో కలిసిపోయాడట.

మర్నాడు పొద్దున్నే గొళ్ళేనికి పిలుపొచ్చింది.

గొళ్ళెం అంటే మన ఏజెంట్. అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంది, దాన్ని డిపార్ట్‌మెంట్ ఎప్పుడో చెరిపేసింది. అతను దూరిన కేసు ఏదైనా లోపల్నుంచి మూసుకుపోతుందని ఈ పేరు పెట్టారు. మనిషి నలుగురిలో కలిసిపోయే రకం. మొహం చూసిన అరగంటకి మర్చిపోతాం.

డిపార్ట్‌మెంట్ ఛీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన గదిలో కిటికీలు తెరుచుకోవు, ఫ్యాన్ తిరిగితే కాగితాలు ఎగురుతాయని ఫ్యాన్ వెయ్యనివ్వడు. ఎప్పుడూ గ్యాస్ మాత్ర ఒకటి చప్పరిస్తూ ఉంటాడు. ఎదురుగా కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు.

"చేద అంటే ఏమిటో తెలుసా నీకు?" అన్నాడు పెద్దాయన.

"మా అమ్మమ్మకి తెలుసు సర్."

"జోకులు తర్వాత. ఇది ఫైల్ డౌన్‌లోడ్ టూల్. ఎక్కడో సర్వర్లో ఉన్న ఫైల్‌ని నీళ్ళు తోడినట్టు తోడి మన కంప్యూటర్లో పోస్తుంది. ఊరికే ఇస్తారు కాబట్టి లోకమంతా వాడుతుంది. ఎవరు రాశారో ఎవడికీ పట్టదు."

"మేం రాశాం," అంది ఆ అమ్మాయి. "నేనూ అన్నయ్యా."

చచ్చిపోయినాయన చెల్లెలన్నమాట. గొళ్ళెం జోకు వేసినందుకు సిగ్గుపడ్డాడు.

"చిల్లు ఏమిటో చెప్పమ్మా," అన్నాడు మెల్లగా.

"మీరొకణ్ణి ఉప్పు తెమ్మని కొట్టుకి పంపారనుకోండి. కొట్టువాడు, మా దగ్గర లేదు, పక్క వీధిలో అడుగు అన్నాడు. అది మామూలే, రీడైరెక్ట్ అంటాం. పక్క వీధివాడు ఒక పొట్లం చేతిలో పెట్టి, ఇది ఉప్పు కాదు, మీ బీరువా తాళాలు, పాతవి పారేసి వీటిని పెట్టు అన్నాడు. మనవాడు బుద్ధిగా తెచ్చి అలాగే పెట్టేశాడు. మా చేద అంత బుద్ధిమంతుడు. ఫైల్‌కి ఏ పేరు పెట్టాలో, ఎక్కడ దాచాలో అవతలి సర్వర్ ఏం చెబితే అదే చేస్తుంది. మనం అడిగిన పేరుతోనే, మనం చెప్పిన చోటే దాచాలని దానికి నేర్పడం మర్చిపోయాం. ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదు. అన్నయ్య చూశాడు."

"వాడూ చూశాడు," అన్నాడు పెద్దాయన, ఒక ఫోటో ముందుకి తోస్తూ.

ఫోటోలో తెల్లటి సూటు, బంగారు ఫ్రేము కళ్ళజోడు. విదేశీ ముఠా నాయకుడు. మన భాషని పుస్తకాల్లో నేర్చుకున్నవాడు. 'దయచేసి ఆసీనులు కండు' అని కూర్చోబెట్టి మరీ చంపుతాడని పేరు. డిపార్ట్‌మెంట్ వాణ్ణి వ్యాకరణం అంటుంది.

"ఆసుపత్రుల్లో వెంటిలేటర్లున్నాయే, అవన్నీ రోజూ మిట్టమధ్యాహ్నం చేదతో ఒక సెట్టింగుల ఫైల్ తోడుకుంటాయి," అన్నాడు పెద్దాయన. "రేపు ఆ సమయానికి వీడు తన ఫైల్ దింపుతాడు. ఊపిరి మెషీన్లన్నీ ఒక్కసారి ఆగిపోతాయి."

"ఎందుకు సర్? పడకమీదున్న రోగులు వాణ్ణేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. చిల్లుని అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్ళకి నమూనా చూపించాలిగా."

గొళ్ళెం ఫోటోని బోర్లా తిప్పి పెట్టాడు.

"ప్లగ్గులు పీకేద్దాం," అన్నాడు గొళ్ళెం.

"ఇక్కడ పీకితే రైళ్ళలో వాడతాడు. అక్కడ పీకితే కరెంటులో వాడతాడు. చేద లేని చోటేది? చప్పుడు కాకుండా చిల్లు మూసెయ్యాలి."

"మాటు సిద్ధంగా ఉంది," అంది చెల్లెలు. "అన్నయ్య సగం రాసి పోయాడు, మిగతా సగం నేను రాశాను. రేపు మధ్యాహ్నం సెట్టింగుల ఫైల్ బదులు కొత్త చేదని పెడతాం, అన్ని మెషీన్లూ దాన్నే తోడుకుంటాయి. ఒక్కటే చిక్కు. కొత్త చేదని తోడాల్సింది పాత చేదతోనే."

"చిల్లు చేదతోనా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది!"

"అంతకంటే దారి లేదు. మా సర్వర్లోకి వాళ్ళు ముందే దూరి కూర్చుంటే మాటు బదులు విషం దిగుతుంది. దూరారో లేదో బయటివాళ్ళకి తెలీదు."

"లోపల చిలక ఉంది," అన్నాడు పెద్దాయన.

గొళ్ళెం చప్పున తలెత్తాడు.

చిలక అంటే ముఠా దృష్టిలో వాళ్ళ మనిషి. విదేశీ కొనుగోలుదార్లని పార్టీలకి పిలిచి మాటల్లో ముంచెత్తే అందగత్తె. డిపార్ట్‌మెంట్ దృష్టిలో డబుల్ ఏజెంట్. అత్తరు వాళ్ళది, జీతం మనది. గొళ్ళేనికి మాత్రం ఆవిడ వదిన. అన్నయ్య పెళ్ళి చేసుకుని తీసుకొచ్చేనాటికి గొళ్ళెం నిక్కర్లేసుకుంటున్నాడు. లెక్కలు నేర్పిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, అబద్ధం చెబితే చెవి మెలేసిందీ ఆవిడే. అన్నయ్యా డిపార్ట్‌మెంట్ మనిషే. ఒకరోజు డ్యూటీకి పోయి తిరిగి రాలేదు. అతన్ని చంపిన ముఠాలోకే, ఆ పని నేను పూర్తి చేస్తానంటూ వదిన నడిచి వెళ్ళింది. లోకంలో అతనికి మిగిలిన మనిషి ఆవిడొక్కతే. ఆవిణ్ణి ప్రాణాలతో ఇంటికి తెచ్చుకోవాలి. అతనికి వేరే కోరిక లేదు.

"ఆవిడ ఇంకా మన మనిషేనంటావా?" అన్నాడు పెద్దాయన. "చాలాకాలమైంది కదా, పాలల్లో నీళ్ళలా కలిసిపోయిందేమోనని..."

"ఆ మాట ఇంకొకరంటే పళ్ళు రాలగొట్టేవాణ్ణి సర్."

పెద్దాయన మాత్ర అటు దవడనుంచి ఇటు దవడకి మార్చాడు. "సరే. ఒక్క మాట పంపమను. సర్వర్ శుభ్రంగా ఉంటే 'వెళ్ళు'. లేకపోతే 'ఆగు'. చంద్రుడు వచ్చాడు, నక్కలు కూశాయి లాంటి కోడ్ వర్డులొద్దు. పోయినసారి నక్క అంటే ఏమిటో నేనే మర్చిపోయాను."

*

ఆ మధ్యాహ్నం ఒక ఫర్నిచర్ షోరూంలో గొళ్ళెం మెడలో టై, పెదాలమీద అరువు నవ్వు పెట్టుకుని సేల్స్‌మన్ అవతారంలో నిలబడ్డాడు.

వదిన తలుపు తోసుకుని లోపలికి రాగానే సేల్స్‌వాళ్ళందరికీ నడుములు నిటారయ్యాయి. ఆకుపచ్చ పట్టు గౌను, నల్లకళ్ళద్దాలు, మడమల చప్పుడు. ఆ సింగారం వెనకాల గొళ్ళేనికి మాత్రం మెడ దగ్గర పొడుచుకొచ్చిన ఎముకలు కనిపించాయి.

"ఈ సోఫాలో నల్లులుంటాయా?"

"మా సోఫాల్లో నల్లులు కూడా అడ్వాన్స్ బుకింగ్ చేసుకోవాలండి."

సంకేతం కుదిరింది. ఆవిడ కూర్చుంది. అతను వంగి కుషన్ ఎత్తి చూపిస్తున్నట్టు నటించాడు.

"చిక్కిపోయావేరా," అంది వదిన పెదాలు కదపకుండా. "వేళకి తింటున్నావా?"

"నా సంగతి వదిలెయ్ వదినా. వాళ్ళ మకాం ఎక్కడ?"

"పెద్దాసుపత్రి వెనక వీధిలో డ్రై క్లీనింగ్ షాపు, దాని మేడమీద. నమూనా దగ్గర్నుంచి చూడాలట వాడికి, కిటికీలోంచి వార్డు కనిపిస్తుంది. వీలైతే ఆ ప్రోగ్రామర్ చెల్లెలి సర్వర్లో చెయ్యి పెట్టారో లేదో రేపు పొద్దున్న చూస్తాను. కానీ వాడికి నామీద అనుమానం మొదలైందిరా. నిన్న నా మాటల్లో సంధి తప్పు పట్టాడు."

గొళ్ళెం కుషన్ కింద ఒక లిప్‌స్టిక్ పెట్టాడు. "మూత తిప్పితే బుల్లి కీలుంటాయి. ఒకసారికి ఐదక్షరాలే పోతాయి. అవీ ఇంగ్లీషు అక్షరాలే."

"తెలుగు లేదా?"

"మన గుణింతాలు అందులో పట్టవని ల్యాబ్‌వాడు చేతులెత్తేశాడు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట. సరే, ఏం పంపాలి?"

"సర్వర్ బాగుంటే 'వెళ్ళు'. లేకపోతే 'ఆగు'."

వదిన చెయ్యి లిప్‌స్టిక్ దగ్గర ఆగిపోయింది.

"మొదటిది నా వల్ల కాదు," అంది. "ఆ రోజు పొద్దున్న మీ అన్నయ్యతో ఏదో చిన్న గొడవ. 'వెళ్ళు, వెళ్ళు, ఆ ఉద్యోగాన్నే కట్టుకో' అన్నాను. వెళ్ళాడు. 'వెళ్ళి రా' అని ఉంటే వచ్చేవాడేమో. అప్పట్నుంచి ఆ మాట నోటితో అనను, చేత్తో రాయను. పిచ్చి అనుకో, ఏదైనా అనుకో. బాగుంటే 'కానీ' అని పంపుతాను. కె, రెండు ఎ లు, ఎన్, ఐ. అదీ కానివ్వండనేగా అర్థం."

"సరే వదినా, 'కానీ'. రేపు సాయంత్రానికి నిన్ను బయటికి తెచ్చేస్తాను."

"మీ అన్నయ్యా ఇలాగే మాటిచ్చేవాడు," అని నవ్వి, "ఈ రంగు బాగాలేదు" అని గట్టిగా అంటూ లేచి వెళ్ళిపోయింది. కుషన్ కింద లిప్‌స్టిక్ లేదు.

గొళ్ళెం టై విప్పి వెనక గుమ్మంలోంచి బయటపడ్డాడు. అవతలి ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ కవర్లో కోటు పట్టుకున్న మనిషి ఒకడు. ఇతను నడిస్తే నడిచాడు, ఆగితే ఆగాడు. గొళ్ళెం ఒక బస్సెక్కి, సిగ్నల్ దగ్గర దిగి, మార్కెట్లో మూటలు మోసేవాళ్ళ మధ్య ఒక మూటెత్తుకుని, నానా తంటాలు పడి వాణ్ణి వదిలించుకునేసరికి ఒళ్ళంతా చెమటలు. అప్పుడు పెద్దాయనకి రేడియోలో ఒకే ముక్క చెప్పాడు: "చెప్పేశాను సర్. రేపు మాట పంపుతుంది."

మాట మారిందని చెప్పడం మర్చిపోయాడు. గోరంత సంగతి. ఇలాంటి గోరంతల దగ్గరే ఏజెంట్లు చస్తారు.

*

మర్నాడు పెద్దాసుపత్రిలోకి ఏసీ మెకానిక్ ఒకడు టూల్‌బ్యాగ్ తగిలించుకుని వచ్చాడు. వెంట స్క్రూలు అందించే మనిషిలా చెల్లెలు. వార్డు పక్కనే కంప్యూటర్ గది. ఊళ్ళో అన్ని ఆసుపత్రుల మెషీన్లకీ ఆర్డర్లు అక్కడి కీబోర్డు నుంచే పోతాయి. మధ్యలో అద్దం గోడ. అద్దానికి అవతల పడకల వరస, ప్రతి పడక పక్కనా ఒక మెషీన్ మనిషి బదులు ఊపిరి తీస్తోంది. ఒక పెద్దావిడ మొగుడి అరికాలు ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది. ఆయనకి తెలుస్తోందో లేదో ఆవిడకి అక్కర్లేదు.

చెల్లెలు మాటు తోడుకోమని మెషీన్లకి ఆర్డరు టైపు చేసి, వేలు ఎంటర్ కీ మీద పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం ముంచుకొస్తోంది. చిలక నుంచి కబురు లేదు.

గొళ్ళెం నిచ్చెనెక్కి ఏసీ మూత విప్పినట్టు విప్పుతూ, బిగించినట్టు బిగిస్తూ ఉన్నాడు. స్క్రూడ్రైవర్ చేత పట్టుకునే రెండుసార్లు గడియారం వంక చూశాడు.

"చిలక కూసింది!" చెవిలో పెద్దాయన గొంతు. "శుభ్రంగా ఉందట. కానిచ్చెయ్యండి."

గొళ్ళేనికి ప్రాణం లేచొచ్చింది. నిచ్చెన దిగి చెల్లెలికి సైగ చెయ్యబోతూ, ఆగలేక అడిగాడు. "కుదురుగానే కొట్టిందా సర్? ఎ లు రెండూ పడ్డాయా?"

"ఎ లేమిటి? అందులో ఎ ఎక్కడుంది? వి, ఇ, రెండు ఎల్‌లు, యు. 'వెళ్ళు'. అనుకున్న మాటేగా."

గొళ్ళెం ఒక్క అంగలో వెళ్ళి చెల్లెలి మణికట్టు పట్టుకున్నాడు.

"నొక్కకు!"

"ఏమైంది?" చెల్లెలూ, పెద్దాయనా ఒకేసారి. గొళ్ళెం చెవిలోది తీసి, గొంతు పెంచి, ఇద్దరికీ వినపడేట్టు బల్ల మీద పెట్టాడు.

"మా వదిన ఆ మాట రాయదు సర్. 'కానీ' అని పంపుతానంది. మీతో చెప్పడం మర్చిపోయాను. ఆవిడ దొరికిపోయింది. పక్కన వాడు నిలబడి రాయిస్తున్నాడు."

అవతల పెద్దాయన చప్పరింపు ఆగిపోయింది. "అంటే సర్వర్లో విషం ఉంది. ఇవాళ అసలు తోడటమే ఆపెయ్."

"ఆపితే వాడి స్క్రీన్ మీద ఒక్క మెషీనూ రాదు. చిలక మోసం చేసిందని ఆ క్షణమే తెలిసిపోతుంది."

"తెలుసు," అన్నాడు పెద్దాయన. గొంతు తగ్గించాడు. "నిర్ణయం నువ్వు తీసుకో బాబూ. ఆ మాట నేను చెప్పలేను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అద్దం అవతల పెద్దావిడ ఇంకా ఆ పాదం నిమురుతూనే ఉంది. గొళ్ళేనికి వదిన చేతులు గుర్తొచ్చాయి, జ్వరంలో నుదుటి మీద ఆనిన అరచెయ్యి. నేనొక్క ముక్క చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదా అని గుండెలో రంపపుకోత. అయినా ఇంతమంది ఊపిరి తీసి వదినని బతికించుకుంటే ఆవిడే తన మొహాన ఉమ్మేస్తుంది.

"ఆపెయ్యమ్మా," అన్నాడు. 

చెల్లెలు ఆపలేదు. నుదురు చిట్లించుకుని స్క్రీన్ వంక చూస్తోంది.

"ఆగండి. ఆవిడ 'కానీ' అని పంపినా మనం చచ్చేవాళ్ళం. 'ఆగు' అని పంపితే వాడికి తెలిసిపోతుంది. అందుకని ఎప్పుడూ రాయని మాట ఏరి కోరి రాసింది. ఏమిటది, మళ్ళీ చెప్పండి."

"వి, ఇ, ఎల్, ఎల్, యు," అన్నాడు పెద్దాయన.

"వెళ్ళు," అంది చెల్లెలు. "వెల్లు... వెల్లువా?"

ఐదక్షరాలే పోతాయి. దీర్ఘం పెట్టడానికి చోటు లేదు. గొళ్ళెం పెదాలు కదిలాయి. "వే... వేళ్ళు!"

"వేళ్ళా? ఏ వేళ్ళు, చేతివా?" అన్నాడు పెద్దాయన.

"చెట్టువి!" చెల్లెలు కుర్చీలోంచి సగం లేచింది. "రూట్! ప్రతి మెషీన్‌కీ అన్నిటికంటే అడుగున ఒక ఫోల్డరుంటుంది, దాన్నే రూట్ అంటాం. అన్నీ దాంట్లోంచే మొలుస్తాయి. వాళ్ళ ఫైల్ దిగేది అక్కడ! ఎక్కడ దిగుతుందో తెలియకే కదా ఇంత భయపడ్డాం. చేదకి ఆ గదిలో అడుగుపెట్టే అధికారం తీసేస్తే చాలు. ఫైల్ వస్తుంది, తలుపు కొడుతుంది, గుమ్మంలోనే చస్తుంది."

"మరి వాడి స్క్రీన్ మీద?"

"అన్ని మెషీన్లూ బుద్ధిగా తోడుకున్నట్టే కనిపిస్తుంది."

"ఇంకా చూస్తావేం, కొట్టు!"

చెల్లెలు పాత ఆర్డరు చెరిపేసి కొత్తది కొట్టడం మొదలుపెట్టింది. సగంలో వేళ్ళు తడబడి ఒక అక్షరం తప్పు పడింది. చెరిపింది. మళ్ళీ తప్పు. "ఈ లైను ఎప్పుడూ అన్నయ్యే కొట్టేవాడండీ," అంది, అప్పటిదాకా రాని కన్నీళ్ళు కీబోర్డు మీద టపటపా రాలుతుంటే. గొళ్ళెం ఆమె భుజం మీద చెయ్యి వేసి, గడియారానికి అడ్డంగా నిలబడ్డాడు.

ఆమె ఎంటర్ నొక్కడం, గడియారంలో రెండు ముళ్ళూ కలవడం ఒకేసారి జరిగాయి.

వార్డులో మెషీన్లన్నిటి మీదా ఆకుపచ్చ దీపం పసుపు రంగుకి మారింది. చేద తోడుతోందన్నమాట. పెద్దావిడ మొగుడి పక్కనున్న మెషీన్ కుయ్‌మని మూలిగింది. ఆవిడ తలెత్తింది. గొళ్ళెం తన ఊపిరి తను బిగబట్టాడు.

దీపాలు మళ్ళీ ఆకుపచ్చగా వెలిగాయి. పడకల వరస పొడుగునా గుండెలు లేచాయి, దిగాయి, మళ్ళీ లేచాయి.

"నిలబడిందండీ," అంది చెల్లెలు ముక్కు తుడుచుకుంటూ.

వెనక్కి తిరిగి చూస్తే గదిలో గొళ్ళెం లేడు.

*

డ్రై క్లీనింగ్ షాపులో ఆవిరి, సబ్బు, కాలిన నూలు వాసన. పైనుంచి వేలాడే కోట్ల మధ్యలోంచి కౌంటర్ మనిషి బయటికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్, కవర్లో కోటు. నిన్న వెంటపడిన మొహమే.

"ఏసీ చూడ్డానికొచ్చాను," అన్నాడు గొళ్ళెం.

"మాకు ఏసీ లేదు."

"అయితే తప్పు ఇంటికొచ్చాను."

కవర్లోంచి సన్నటి సూది తళుక్కుమంది. గొళ్ళెం పక్కనున్న హ్యాంగర్ లాగి వాడి మణికట్టుకి మెలేశాడు. ఇద్దరూ కోట్లమీద పడ్డారు. కొయ్యలు విరిగాయి. లేచింది ఒక్కడే. రెండోవాడి చెవికింద, వాడి సూదే.

మెట్లెక్కి పైకి వెళ్ళాడు. స్క్రూడ్రైవర్ పిడిని తిప్పితే అది పిస్తోలు. ల్యాబ్‌వాడికి తెలుగు రాదేమో గానీ ఇలాంటివి వచ్చు.

కిటికీ దగ్గర తెల్లసూటు. ఒక చేతిలో బైనాక్యులర్, ఇంకో చేతిలో ఫోన్. "కించిత్ ఓపిక పట్టుడు," అంటున్నాడు వ్యాకరణం ఫోన్లో ఎవరితోనో. "సమస్త యంత్రములును మన ఫైలును గ్రహించినవి. మరణవార్త ఏ క్షణమందైనను..."

"రాదు," అన్నాడు గొళ్ళెం.

వాడు తిరిగాడు. ఫోన్ పడేసిన చేతిలోకి రివాల్వర్ వచ్చింది, అంత వేగం.

"అసంభవము! 'వెళ్ళు' అని ఆమెయే స్వయముగా పంపినది. నేను చదివితిని!"

"దీర్ఘం మింగేశావురా."

వాడికి చదువంటే నిజంగానే ప్రాణం. ఆ మాట వినగానే రివాల్వర్ మరిచి బుర్రకి పని చెప్పాడు. పెదాలు "వె... వే..." అని ముడుచుకున్నాయి. అర్థం తెలిసినట్టు కళ్ళు పెద్దవయ్యాయి. తెలిసేదాకా ఆగి, అప్పుడు కాల్చాడు గొళ్ళెం. అన్నయ్య కోసం ఒకటి, లిఫ్ట్‌లో పోయినాయన కోసం ఒకటి.

వదిన పక్కగదిలో ఆవిరి ఇస్త్రీ బల్లకి కట్టేసి ఉంది. ఆకుపచ్చ గౌను చిరిగిపోయింది. కుడిచేతి వేళ్ళు ఉండాల్సిన తీరులో లేవు.

"వదినా!"

ఆవిడ కళ్ళు తెరిచింది. "వార్డు?"

"అందరూ బాగున్నారు."

"అర్థమైందన్నమాట." నవ్వబోయి మూలిగింది. "వాళ్ళ ఫైల్ ఎక్కడ దిగుతుందో చూస్తుండగా దొరికిపోయాను. పంపాల్సిన మాటేదో చెప్పమని ఒక్కొక్కటే విరిచాడురా. ఎంత ఏడ్చానో. ఆఖరికి ఆ నొప్పిలోనే తట్టింది. వేళ్ళు విరుస్తుంటే వేళ్ళు కాక ఇంకేం గుర్తొస్తాయి? పంపాల్సింది ఆ మాటేనని చెప్పి, ఎడంచేత్తో కొట్టాను. వాడు చదివి, 'బహు బాగు' అన్నాడు."

గొళ్ళెం కట్లు విప్పుతున్నాడు. ముడి ఊడటం లేదు, కళ్ళకి అడ్డంగా నీళ్ళు.

"తప్పు నాది వదినా. నువ్వు మాట మార్చావని పెద్దాయనకి చెప్పలేదు."

"చెప్పకపోవడమే మంచిదైంది. చెప్పి ఉంటే తేడా వచ్చిందని వెంటనే ఆపేసేవారు, నేనీపాటికి కింద షాపు బొగ్గుల పొయ్యిలో ఉండేదాన్ని." చెయ్యి కదిలి కెవ్వుమంది. "మెల్లగా రా, దున్నపోతా! వేళ్ళు!"

*

ప్రోగ్రామర్ అంత్యక్రియలకి ఆపరేటర్ కూడా వచ్చాడు. అందరికంటే వెనకాల నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా, చెల్లెలి మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఆమె ఆ సాయంత్రమే సర్వర్లో విషం కడిగేసి కొత్త చేదని లోకం మీదికి వదిలింది. మాటు వేసినవాళ్ళ పేరు అడిగితే అన్నయ్య పేరొక్కటే రాసింది.

వారం తర్వాత పెద్దాయన ఆసుపత్రికొచ్చాడు. వదిన కుడిచెయ్యి మోచేతి దాకా సిమెంటు కట్టులో ఉంది. వేళ్ళు మళ్ళీ మడతపడతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు. పక్కన గొళ్ళెం ఆవిడకి స్పూన్‌తో జావ పడుతూ, ఒలకబోసినందుకు తిట్లు తింటున్నాడు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. గొప్ప సేవ అన్నాడు, దేశం మరువదన్నాడు, ఎక్కడా ఎవరికీ చెప్పకూడదన్నాడు. అన్నీ అయ్యాక సంచీలోంచి కాగితాల బొత్తి తీసి మంచం మీద పెట్టాడు.

"జరిగింది జరిగినట్టు నీ స్వహస్తాలతో రాసి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టాలమ్మా. రూలు."

వదిన సిమెంటు కట్టు పైకెత్తి చూపించింది.

పెద్దాయన దాన్ని అటునుంచీ ఇటునుంచీ చూసి, గ్యాస్ మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"రాయడానికి మీ మరిది ఉన్నాడుగా," అన్నాడు, జేబులోంచి ఇంకు ప్యాడ్ తీస్తూ. "నువ్వు ఎడమ బొటనవేలితో ముద్ర వేసెయ్, చాలు."